వాలెట్ కోసం ఖాళీ చేసిన చోటు

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో, కంప్యూటర్ గురించి నాకు తెలియనిది లేదని మా బంధువులంతా నమ్మేవారు. వాళ్ళకంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి. నూజివీడు చుట్టుపక్కల ఎవరింట్లో ప్రింటరు మొరాయించినా నాకే ఫోను వచ్చేది. (సగం సార్లు ప్లగ్గు వదులై ఉండేది. ఆ సంగతి చెప్పకుండా పది నిమిషాలు ఏదో గెలికి, టీ తాగి వచ్చేవాణ్ణి.) ఆగిరిపల్లిలో మామిడి తోటలు కౌలుకు చేసే మా బాబాయి అయితే "మావాడు కంప్యూటర్ డాక్టరండీ" అని కాయలు కొనడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పేవాడు.

అప్పుడే ఒక స్నేహితుడు, తనకు వెబ్‌సైట్ చేసిపెట్టినందుకు ఏవో క్రిప్టో కాయిన్లు పంపిస్తానన్నాడు. అవి అందుకోవాలంటే వాలెట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకోవాలి. ఫోన్లో సరిపోయే చిన్న వాలెట్లు ఉన్నాయి గానీ, డాక్టరుగారికి అవి నామోషీ. ఆ కాయిన్ పుట్టినప్పటి నుంచి లోకంలో ఎవరు ఎవరికి ఎంత పంపారో ఆ చిట్టా మొత్తం దించుకునే పెద్ద వాలెట్టే కావాలనుకుని, బాబాయి ఇంట్లో కంప్యూటర్లో పెట్టాను. దిగడం పూర్తయితే గానీ కాయిన్లు కనబడవు. బాబాయి తోటకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి, జ్వరం ఎంతుందని అడిగినట్టు "ఎంతదాకా వచ్చిందిరా?" అనేవాడు.

"అరవై రెండు శాతం, బాబాయ్."

"మంచిదే, మంచిదే."

తొంభై ఒకటి దగ్గర ఆగిపోయింది. డిస్కులో చోటు లేదని ఎర్రటి అక్షరాలు. సినిమాలు తీసేశాను, పాటలు తీసేశాను. తొంభై నాలుగు దగ్గర మళ్ళీ ఎర్రటి అక్షరాలు. ఇంకా ఏముందా అని వెతికితే 'న్యూ ఫోల్డర్ 3' అని ఒకటి, ఇరవై జీబీకి పైగా, మూలన పడి ఉంది. తెరిచి చూసే ఓపిక లేదు నాకు. రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా ఒక్క నొక్కుతో చెరిపేశాను. మర్నాడు సాయంత్రానికి నూరు శాతం! కుర్చీలోంచి లేచి నిలబడి బాబాయిని కేకేశాను.

చేతులకంటిన సొన కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. "అమ్మయ్య. అయితే మీ పిన్ని వీడియో ఒకటి పెట్టరా. నీ పని చెడుతుందేమోనని వారం నుంచీ అడగలేదు."

పిన్ని పోయి అప్పటికి ఏడాది. ఆవిడ ఫోన్లో వీడియోలన్నీ ఆ కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోను ఖాళీ చేసి ఎవరికో ఇచ్చేసింది నేనే. ఆ ఫోల్డరుకి పేరు పెట్టడానికి బద్ధకించిందీ నేనే.

"బాబాయ్... అవి పోయాయి. చోటు కోసం నేనే తీసేశాను."

"పోతే మళ్ళీ తెప్పించు. నీకు తెలీని పనేం కాదుగా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగా నమ్మే అన్నాడు.

చెరిపినవి తిరిగి తెచ్చే ప్రోగ్రాములు నాకు తెలిసినవన్నీ మూడు రోజులు నడిపాను. ఒక్క వీడియో కూడా రాలేదు. పిన్ని ఉన్న చోట ముక్కూమొహం తెలియనివాళ్ళ చిట్టా ఎక్కి కూర్చుంది. (పాత చిట్టా వదిలేసి కొద్ది చోటులోనే సర్దుకోమని ఆ వాలెట్ సెట్టింగుల్లో ఒక్క లైను రాస్తే సరిపోయేదని నాలుగో రోజు చదివాను.) బాబాయి ఎప్పట్లాగే వేళకి నన్ను అన్నానికి పిలిచేవాడు. వీడియోలు చూసుకునే వేళకి మాత్రం టీవీ పెట్టుకుని, సౌండు తీసేసి కూర్చునేవాడు.

అది చూడలేక, బైకు తీసుకుని బంధువుల ఇళ్ళకి తిరిగాను. పిన్ని ఎవరికైనా వాట్సాప్‌లో వీడియోలు పంపిందేమోనని నా ఆశ. ముసునూరు అత్తయ్య ఫోను మార్చేసింది. ఇంకొకరి ఫోన్లో గుడ్‌మార్నింగ్ పువ్వులు తప్ప ఏమీ లేవు. చివరికి బాపులపాడులో పిన్ని వాళ్ళక్క, అద్దం పగిలిన ఫోను తుడిచి నా చేతికిచ్చింది. "నేను తీసింది ఒకటుంది నాయనా. కానీ అందులో అది నిన్ను తిడతా ఉంటుంది, ఏమీ అనుకోకు."

ఇరవై సెకన్లు. మంచం మీద ఎండలో మాగాయ ముక్కలు. "ఒరేయ్, ఆ ఫోను అవతల పెట్టి ముక్కలు తిరగెయ్యి. వానొస్తే నీ కంప్యూటర్ ఆపుద్దేంట్రా?" అని పిన్ని గొంతు, ఆ వెనకే నవ్వు. ఆవిడ మొహానికి సగం నా భుజం అడ్డం.

తెచ్చి చూపిస్తే బాబాయి మూడుసార్లు చూశాడు. "ఏంట్రా, ఇందులోనూ నువ్వే అడ్డమా" అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. నేను పక్కనే కూర్చుండిపోయాను.

ఆ కాయిన్ల పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ తెలియదు. నాకు మాత్రం విజయవాడలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం వచ్చింది. చోటు లేదని ఎవరైనా పిలిస్తే, ఒక్కో ఫోల్డరూ తెరిచి, "ఇందులో ఎవరున్నారండీ?" అని అడుగుతాను. "ఏముంది అని అడగాలి గానీ, ఎవరున్నారేంటి?" అని అక్కడి కుర్రాళ్ళు నవ్వుతారు. వాళ్ళ తొందర చూస్తే, ఇరవై రెండేళ్ళ ఆ కంప్యూటర్ డాక్టరు గుర్తొస్తాడు. పాపం, వాడికి శాతాలు తప్ప ఏమీ కనబడేవి కావని నేనూ వాళ్ళతో పాటే నవ్వి, తరవాతి ఫోల్డరు తెరుస్తాను.