చక్రాల కింది చెక్కలు

ఆ సాయంత్రం కూడా అందరం పని ముగించాక చాంద్‌పాషా సంచి తగిలించుకుని ఒక్కడే రైలుపెట్టె కిందికి దూరాడు. వికారాబాద్‌లో మూలపడ్డ ఆ పాత రైలుపెట్టెను మ్యూజియం కోసం, రిటైరైన మేం ముగ్గురం జీతం లేకుండా బాగుచేస్తున్నాం. తలుపుల ఇత్తడి పిడులు విప్పి, కింద దాచి పట్టుకుపోతున్నాడని నా అనుమానం.

"సంచిల ఏముంది భాయ్, ఇత్తడా?"

"బంగారం, కైలాసం! తూకమేస్తవా?" నవ్వాడే గాని విప్పి చూపలేదు.

మర్నాడు పెట్టె తాళంచెవి అడిగాను. నా చేతిలో పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. వారానికే చనిపోయాడు.

పెట్టెను తాండూరు తరలించేటప్పుడు, బ్రేకు లేక వాలులో దొర్లకుండా చక్రాల కింద కొట్టిన నాలుగు చెక్కలు తీశాం. ఒకదానిమీద రంగుపూలున్నాయి. అతని భార్య జహీరాబీకి చూపించాను.

"మా మంచం కోళ్లు గివి, అన్నా. చక్రాల కింద వదులైతయని దినాం సంచిల సుత్తె ఏసుకొని పోతుండె."