ఆపాకు మాత్రమే చెప్పిన మాట

మొన్న వనపర్తిలో, కొత్తగా సర్వే పనిలో చేరినవాళ్లకు ఇంటర్వ్యూ చేయడం నేర్పమని నన్ను పిలిచారు. ఒకమ్మాయి లేచి, "మేడం, ఎవర్ని అడిగినా మంచిగనే ఉన్నమంటరు. అసలు మాట ఎట్ల చెప్పిస్తరు?" అంది. పుస్తకాల్లో ఉన్న నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. కానీ ఆ పూటంతా గద్వాలలో ఆపాతో తిరిగిన రోజులే గుర్తొచ్చాయి.

టీబీ మందులు సగంలో ఎందుకు మానేస్తున్నారో చేనేత ఇళ్లకు వెళ్లి తెలుసుకోవడం అప్పట్లో మా పని. నాకు పెద్ద చదువు, రికార్డరు, నేనే తయారుచేసిన ప్రశ్నల కాగితం ఉండేవి. నాకు తోడుగా పంపిన, రాజోలి ఊరి ఆమెకు పదో తరగతి, ఒక గుడ్డసంచి. నాకంటే చిన్నదే అయినా అందరితో పాటు నేనూ ఆమెను ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. ఏ ఇంటికెళ్లినా ఆడవాళ్లు నన్ను చూడగానే కుర్చీ వేసి, కొంగు సర్దుకుని, "అంతా మంచిగనే ఉంది మేడం" అనేవారు. ఆపా మగ్గం పక్కన నేలమీద కూలబడి వాళ్లకు నూలు కండెలు చుట్టేది. అరగంటకల్లా అత్తల సాధింపులు, మొగుళ్ల తాగుడు, ఎవరికీ చెప్పని నొప్పులు ఆమె ముందుకొచ్చేవి. నాకు కుర్చీ, ఆమెకు కథలు. ఒకరోజు ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆమెలాగే "ఏందమ్మా, జర చెప్పు" అని చూశాను. పోలీసు విచారణలా ఉంది.

ఒక ఇంటి కోడలు రోజూ మాత్రలు మింగుతున్నానని నాతో అంది. ఆ సాయంత్రమే ఆపా చెప్పింది: "ఆమె మాత్రలు బంద్ పెట్టిందక్కా. ఒంటికి పోతే ఎర్రగొస్తున్నదంట, లోపల నెత్తురు పోతున్నదని భయపడ్డది. మాత్రలిచ్చే మొగాయనకు గా మాట ఎట్ల చెప్తది?" ఆ రంగు మాత్రదేనని నాకు తెలుసు. "నేను చూసుకుంటాలే" అన్నాను. చూసుకోలేదు. ఐదు రోజుల్లో మా పెద్ద సారు ముందు మీటింగు ఉంది. ఈలోగా బయటపడితే అది ఆపా రాబట్టిన సంగతి అవుతుంది, అక్కడ నేను చెబితే నాదవుతుంది. చెప్పాను. సారు మెచ్చుకున్నాడు. వెనక వరుసలో ఆపా కూడా చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చాక అడిగింది. "మంచిగ చెప్పినవక్కా. మరి గా పిల్లకు చెప్పినవా?"

"ఇంకా లేదు."

ఆమె తిట్టలేదు. "పా, ఇప్పుడే పోదాం" అని ఆటో ఆపింది.

కోడలు దగ్గు ఆగక మగ్గం దిగి గోడకు ఆనుకుని ఉంది. ఈసారి నేనూ నేలమీదే కూర్చున్నాను. "అది నెత్తురు కాదమ్మా, మాత్రల రంగు. నాకు ముందే తెలుసు, వచ్చి చెప్పలేదు. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల నన్ను కాదు, ఆపాను చూసింది. ఆపా తలూపాకే నమ్మింది. అంత సిగ్గులోనూ నాకు కడుపు మండింది.

మర్నాడు ఇద్దరం వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లాం. పరీక్షలు చేసి మళ్లీ మందులు మొదలుపెట్టారు. నెలలు పట్టినా బాగైంది, ఇప్పుడు చీరలు నేస్తోంది. ఆ సంగతి కూడా నాకు ఆపానే ఫోన్లో చెప్పింది, ఆ కోడలు ఫోన్ చేసేది ఆమెకే కదా. కాలం గడిస్తే పాత తప్పులు చిన్నవవుతాయంటారు. నేను నోరు మూసుకున్న ఆ ఐదు రోజులు మాత్రం ఏటేటా పొడుగవుతూనే ఉన్నాయి.