పెద్దబాపు గీసిన సుద్దగీత

పొద్దున్నే కుట్టుమిషన్‌కు నూనె వేస్తుంటే ఫోన్ మోగింది. పెద్దబాపు కోడలు. "వదినా, మామ లేస్తలేడు. ఎంత పిలిచినా లేస్తలేడు" అంది. నేనూ మా ఆయనా నాచారం నుంచి ఉప్పల్‌లోని వాళ్ళింటికి చేరేసరికే డాక్టర్ వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే పోయారట.

పెద్దబాపు మా నాన్నకు అన్న. ప్రొక్లెయిన్ల మెకానిక్. ఈ చుట్టుపక్కల మట్టి తవ్వే మిషన్ ఏది మొరాయించినా నాచారంలో ఆయన షెడ్డుకే వచ్చేది. ఆఖరుగా ఆయన చేతిలో ఉన్నది మాదే. దాని సంగతి చెబితే ఆయన సంగతి చెప్పినట్టే.

మా ఆయన ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ మిషన్లు నడిపి, చివరికి సొంతానికి ఒక పాత ప్రొక్లెయిన్ కొన్నాడు. ఒళ్ళంతా తుప్పు, సీటు చిరుగులు, ఇంజన్ మాత్రం గట్టిది. కాప్రా దగ్గర డ్రైనేజీ పనిలో పెట్టాడు. ఒకరోజు సిమెంటు పైపును గుంతలోకి దించుతూ మధ్యలో ఆపితే, లివర్ ముట్టకుండానే మిషన్ చెయ్యి జర్రున జారింది. కింద నిలబడ్డ కూలీ కాలికి జానెడు దూరంలో పడింది పైపు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పూట మా ఆయన అన్నం ముందు కూర్చుని, ముట్టకుండా లేచిపోయాడు.

మర్నాడు మిషన్‌ను షెడ్డుకు తెచ్చాం. పెద్దబాపు దాని వైపు చూడనే లేదు. "మనుషులు మంచిగున్నరా?" అని అడిగారు. ఉన్నారని చెప్పాకే కళ్ళజోడు పెట్టుకున్నారు.

"మామా, సిలిండర్ల రబ్బరు సీళ్ళు మార్చి ఇయ్యి. కంట్రాక్టరు ఆగుతలేడు" అన్నాడు మా ఆయన.

"మారుస్త అల్లుడా. మల్ల చినుగుతయి. ఎందుకు చినిగినయో సూడొద్దా?"

చూశారు. చూస్తూనే ఉన్నారు. ఆయిల్ ట్యాంకు విప్పితే అడుగున నల్లటి మడ్డి. పాత ఓనరు దొరికిన ఆయిలల్లా పోసుకుంటూ వచ్చినట్టున్నాడు. ఆయిల్‌తో పాటు తిరిగిన సన్నటి ఇసుక, చెయ్యిని ఎత్తి పట్టే సిలిండర్లలో రబ్బరు సీళ్ళను కొరికేసింది. ఇనుప రాడ్ల మీద గీతలు పెట్టింది. రాడ్లు పాలిష్‌కు పోయాయి. ఆయిల్ పైపులన్నీ ఊడాయి. మా ఆయన మొహం రోజురోజుకీ వాడిపోయింది.

"ఇంజన్ మొండిది బిడ్డా, ఎట్లనో బతుకుతది" అనేవారు నాతో. "ఆయిల్ జోరుతోని చెయ్యి లేపే హైడ్రాలిక్ గట్ల గాదు. ఆవకాయ జాడీ అనుకో. తడి చెంచా పెడితే ఏమయితది?"

"బూజు పడుతది."

"మరి! దీనికి దుమ్మే తడి."

అందుకని ట్యాంకు మూత తీసేముందు నేల మీద నీళ్ళు చల్లించేవారు. షట్టర్ దించేవారు. చేతులు సబ్బుతో కడుక్కుని, పెళ్ళిలో వడ్డనకు నిలబడ్డ మనిషిలా తయారయ్యేవారు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు అసలు మూతే తీయరు. "ఇయ్యాల ఊరంత రోడ్డు మీదనే ఉంటది, దుమ్ము లేస్తది" అని సాసర్‌లో చాయ్ పోసుకుని కూర్చునేవారు. స్టేడియం ఎక్కడ, మా నాచారం షెడ్డు ఎక్కడ! ఆయనతో ఎవరు వాదిస్తారు?

తుడిచే గుడ్డకూ పట్టింపే. నూలు గుడ్డ పోగులు వదులుతుందని వద్దనేవారు. నేను టైలర్‌ని కదా, పాత నైలాన్ చీరలు ఉతికి, ముక్కలు కత్తిరించి ఇచ్చేదాన్ని. బట్టల మీద గీతలు గీసుకునే సుద్దబిళ్ళ కూడా నా దగ్గరే తీసుకునేవారు. రిపేరు అయ్యాక సిలిండర్ రాడ్ మీద గీత గీసి, చెయ్యి కిందికి జారుతోందో లేదో చూడటానికి. చెయ్యి దించేముందు మాత్రం ఆ గీతను శుభ్రంగా తుడవాల్సిందే. లేకపోతే రాడ్‌తో పాటు లోపలికి పోతుందట. "సుద్ద గూడ దుమ్మే" అనేవారు. "నా సుద్దకు కూడా మడి కట్టించినవా పెద్దబాపూ!" అని నేను నవ్వేదాన్ని.

అన్ని రోజులూ నవ్వలేదు. మిషన్ పడుకుంది, ఇల్లు నా కుట్టుపని మీదే నడుస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఇది రిపేరా, ఇల్లు కట్టుడా?" అని అడిగేశాను.

ఆయనకు కోపం రాలేదు. చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "గుంతల దిగెటోనికి పైన ఏమున్నదో కనవడదు బిడ్డా. మనమే సూడాలె."

మర్నాడు ఇంకో పాత చీర ఉతికి, ముక్కలు కత్తిరించి పట్టుకెళ్ళాను.

ఆఖరి సాయంత్రం ఇద్దరం అక్కడే ఉన్నాం. కొత్త ఆయిల్ పోసి, చెయ్యిని మెల్లగా ఎత్తుతూ దించుతూ లోపలి గాలంతా పోగొట్టారు. బకెట్‌కు గొలుసుతో సిమెంటు పైపు వేలాడదీసి, పైకెత్తి, ఇంజన్ ఆపారు. కిందికి ఎవరూ పోకుండా చుట్టూ తాడు కట్టించారు. సిలిండర్ మూతి మీద తన నాలుగు వేళ్ళు ఆనించి, వాటికి పైగా రాడ్ మీద గీత గీశారు.

"పొద్దుగాల వచ్చి సూస్త. నాలుగు వేళ్ళ జాగ ఉండాలె. జరంత తక్కువైతే ఫికర్ లేదు, పాత మిషన్. దిగొచ్చు బిడ్డా, పడొద్దు."

రోజూ బకెట్ నేలకు ఆన్చనిదే ఇంటికి కదలని మనిషి. పరీక్ష పెట్టిన పూట ఒక్కటే అలా వదిలేసేవారు. షట్టర్ వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, పోచారం వైపు నుంచి వచ్చే బస్సుల్ని తిట్టుకుంటూ రోడ్డు దాటారు. అదే చివరిచూపు అనుకోలేదు.

మూడో రోజు కార్యం అయ్యాక కోడలు ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. షట్టర్ ఎత్తాం. పైపు అలాగే వేలాడుతోంది. నేను పక్కనుంచి మిషన్ నడిచే చైను పట్టా మీదికెక్కి, సిలిండర్ మూతికీ గీతకూ మధ్య నాలుగు వేళ్ళు పెట్టాను. పట్టాయి. ఇంకా కాస్త జాగా మిగిలింది. ఆయన వేళ్ళు లావు.

"ఆగింది" అన్నాను. మా ఆయన క్యాబిన్ మెట్టు మీద కూలబడి ఏడ్చాడు.

కాసేపటికి లేచి సీట్లో కూర్చున్నాడు. "దించుతా. గీత తుడువు" అన్నాడు. పెద్దబాపు ఈ లోకంలో చేసిన చివరి పని అది. "ఇయ్యాలటికి ఉండనిద్దామా?" అని అడిగాను. పెద్దబాపు ఏమనేవారో ఇద్దరికీ తెలుసు.

డ్రమ్ము మీద నా నీలం చీర ముక్క మడత పెట్టి ఉంది. దాంతో రాడ్ చుట్టూ తుడిచాను. మళ్ళీ తుడిచాను, వేలితో రాసి చూశాను. ఏమీ అంటలేదు. ఆ గుడ్డ మడిచి కొంగున ముడేసుకుని కిందికి దిగి, తాడు బయట నిలబడి తల ఊపాను.

ఇంజన్ అందుకుంది. చెయ్యి నెమ్మదిగా, చంటిపిల్లను పక్క మీద పడుకోబెడుతున్నంత నెమ్మదిగా దిగింది. పైపు నేలకు ఆనింది. దుమ్ము కూడా లేవలేదు.