పై అరలోని మడతకత్తి

మా మావయ్య దేన్నీ కళ్లతో చూసి నమ్మడు. చెంపకు ఆనించుకోవాల్సిందే. పాత మడతకత్తి ఏది చేతికిచ్చినా పిడిని కుడి చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని ఎటో వెళ్లిపోతాడు. తిరిగొచ్చాక గానీ అది ఎముకో, కొమ్మో, ఏనుగు దంతమో చెప్పడు.

ఎముక పిడి అయితే తొందరగానే వచ్చేసేవాడు. దుప్పికొమ్మయితే అడవిలో కాసేపు తిరిగొచ్చేవాడు. ముత్యపు చిప్ప పిడి దొరికిందంటే మాత్రం ఇక ఆ పూటకు ఆశ వదులుకోవడమే. ఆ చల్లదనం చెంపకు తగలగానే మొహంలో నీటి వెలుగు లాంటిది కదిలేది.

"ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది!" అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసేది.

"సముద్రం అడుగున ఉన్నానే."

"అంత లోతుకి నేను తేలేను. పైకొచ్చి తాగండి."

ఈ పిచ్చి కత్తులతో ఆగితే బాగుండేది. ఒకసారి బస్సులో పక్కాయన గొడుగు పిడి మీద చెంప ఆనించేశాడు. "అది నా గొడుగండీ" అన్నాడాయన బెదిరిపోయి. "మీదేనండీ, కాదనలేదు. దున్నపోతు కొమ్మని మీకు తెలుసా?" అన్నాడు మావయ్య కళ్లు తెరవకుండానే. పళ్ల డాక్టరు నోరు తెరవమంటే ఆయన చేతిలో పరికరం లాక్కుని చెంపకు పెట్టుకున్నాడట. ఆ డాక్టరు ఇప్పటికీ అత్తయ్యనే లోపలికి పిలిచి, "ఆయన్ని పట్టుకోండమ్మా" అంటాడు.

ఉద్యోగం పేరుతో వాళ్ల మేడమీద గదిలో రెండేళ్లున్నాను. నా దస్తూరీ బాగుంటుందని కత్తులకు చీటీలు రాసే పని నాకప్పగించాడు. కిటికీ పక్కన ఐదు అరల బీరువా. పై అర దంతం పిడులది, ఆయన ప్రాణమంతా అందులోనే ఉండేది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడులను మాత్రం ఆ బీరువా దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. చూడ్డానికి అచ్చం దంతంలా ఉంటాయి, బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసనేస్తాయి. పాతబడేకొద్దీ వాటిలోంచి ఆవిరి వచ్చి, తమ కత్తినీ పక్క కత్తులనూ తుప్పు పట్టిస్తాయి. అందుకని వాటిని చిల్లుల డబ్బాలో కిటికీ గట్టు మీద పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం లిఫ్టు తాత వచ్చాడు. పెద్ద ఆఫీసులో నలభై ఏళ్లు లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. జేబురుమాలు మడతలు విప్పి తెల్లపిడి కత్తి ఒకటి తీశాడు.

"మా పెద్దసారు సొంత చేత్తో ఇచ్చారు బాబూ. అసలు దంతమని చెప్పారు. అంతే కదా?"

మావయ్య చెంపకు ఆనించుకున్నాడు. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది, తెర మెల్లగా ఊగుతోంది. చాలాసేపటికి కళ్లు తెరిచి, "దీని చోటు ఎక్కడో నాకు తెలుసు తాతా" అని పై అర లాగి, నడిమధ్యలో పెట్టాడు. తాత మొహం వెలిగిపోయింది. తన గదిలో భద్రంగా ఉండదని దాన్ని అక్కడే వదిలి, తోచినప్పుడల్లా వచ్చి చూసుకునేవాడు.

కొన్ని నెలలకు చీటీలు మార్చుదామని పై అర తెరిచాను. దంతం పిడి కత్తులన్నిటి మీదా తుప్పు మరకలు. తాత కత్తి ఒక్కటే తళతళా మెరుస్తోంది. దాని పిడి రుద్ది చూశాను. కర్పూరం!

"మావయ్యా, నీ చెంప మోసపోయింది!" అని పరుగెత్తాను.

"అరవకే. మొదటిరోజే తెలుసు."

"తెలిసీ పెట్టావా? వేరే చోట పెడితే ఏం పోయింది?"

"ఎప్పుడొచ్చి అర లాగుతాడో తెలియదు కదా. నలభై ఏళ్లు అందర్నీ పైకి చేర్చి, తను కిందికే వచ్చేవాడు. ఆ కత్తయినా పై అరలో ఉండనీ."

తాత కత్తిని మాత్రం మావయ్య రోజూ పొద్దున్నే తుప్పు గీకి, నూనె రాసి మెరుగు పెడుతున్నాడట. తన కత్తుల దాకా వచ్చేసరికి చేతులు నొప్పెడుతున్నాయట. నాకు కోపం వచ్చింది, ఆ కోపంలోనే ఆయన మీద ప్రేమ కూడా ముంచుకొచ్చింది.

మేమింకా అక్కడే నిలబడి ఉండగా తాత వచ్చేశాడు. అలవాటుగా అర లాగి, చాలాసేపు వంగి చూశాడు. ఒక్కో కత్తినీ ఎత్తి వెలుగులో పట్టుకున్నాడు. మావయ్య మొహం పాలిపోయింది. ఇన్నాళ్ల కష్టం ఇక బూడిదలో పోసిన పన్నీరేననుకున్నాను.

తాత నెమ్మదిగా మావయ్య దగ్గరికొచ్చి, నాకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"బాబూ, ఏమీ అనుకోకండి. నా కత్తికి మచ్చయినా లేదు. మీవన్నీ తుప్పు పట్టాయి. ఎవరో మీకు నకిలీవి అంటగట్టారు."

మావయ్య తన కత్తుల్లోకెల్లా మంచిది తీసి, చెంపకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఎక్కడికి వెళ్లాడో గానీ, పెదాల మీద నవ్వుతో తిరిగొచ్చాడు.

"నాకూ కొన్నాళ్లుగా అనుమానంగానే ఉంది తాతా" అన్నాడు.