మూడున్నర దెయ్యం

మా తమ్ముడి మనవరాలికి ఈ ఏడాది డిగ్రీలో సీటు వచ్చింది. చేరేముందు ఎవరినీ వేధించనని, ఎవరైనా వేధిస్తే చెబుతానని ఫోనులో ఏదో ఫారం నింపాలట. ఆదోనిలో మా ఇంటి వరండాలో కూర్చుని, వక్క నమిలినంత సేపట్లో అది నింపేసింది. "అవ్వా, రఫ్ రాసుకునేకి ఏదన్నా పాత లాంగ్ నోట్‌బుక్ ఉంటే ఈయవ్వా" అంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాని ఇంట్లో నోటుబుక్కులకేం కరువు? ట్రంకు పెట్టె చూపించాను. పైనున్నదాన్ని తీసి, మొదటి పేజీ చదివి, అక్కడే నిలబడిపోయింది. "ఇది దెయ్యం కథనా అవ్వా? భలే భయమైతాంది" అంది. నేను లేచి వెళ్లి ఆ పుస్తకాన్ని దాని చేతిలోంచి లాక్కున్నాను. పాపం, పిల్ల బిత్తరపోయింది. వేరే పుస్తకం ఇచ్చి పంపించాను గానీ, ఇది మాత్రం మూడు రోజులుగా నా మంచం పక్కనే ఉంది.

మా కాలేజీ ఒకప్పటి పత్తి మిల్లులో ఉండేది. మిల్లు మూతపడి ఎన్నేళ్లయినా, గాలి తిరిగిందంటే దూలాల సందుల్లోంచి దూది పింజలు రాలేవి. పాఠం చెబుతుంటే బోర్డు మీద, పిల్లల జడల మీద, నా భుజం మీద మెల్లగా వచ్చి వాలేవి. ఎన్నిసార్లు దులిపించినా ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. పాత మిషన్లు ఉండిన వైపు కెమిస్ట్రీ ల్యాబు పెట్టారు. దాని వెనక సీసాలు, యాసిడ్ జాడీలు పెట్టుకునే స్టోరు రూము. పైన ఒకే ఒక్క వెంటిలేటరు, దానికీ బూజే. మిల్లు నడిచే రోజుల్లో ఒక కూలామె జుట్టు మిషన్లో చిక్కుకుని అక్కడే ప్రాణం విడిచిందని, ఇంకా అక్కడే తిరుగుతోందని మా ఆయమ్మ చెప్పేది. ఆయమ్మ అంటే కాలేజీ ఊడ్చే మనిషి. ప్రిన్సిపాల్‌ మీదికైనా చీపురు ఎత్తగలిగిన ఆమె కూడా మూడు దాటితే ఆ గది గడప తొక్కేది కాదు.

అప్పట్లో నాకు పాఠాలు కాక రెండు పనులుండేవి. ఒకటి నేనుగా నెత్తిన పెట్టుకున్నది, జానపద కథలు సేకరించడం. రెండోది నా నెత్తిన పెట్టింది. ఆడపిల్లల మీద వేధింపులు జరిగితే విచారించే కమిటీకి నేను కన్వీనర్ని. స్టాఫులో వయసు మళ్లిన ఆడమనిషిని నేనొక్కదాన్నే, అదే నా అర్హత. స్టాఫ్ రూము తలుపు పక్కన ఒక ఫిర్యాదుల డబ్బా కొట్టించారు. తాళంచెవి నా దగ్గర. ఏడాదికొకసారి తెరిస్తే అందులో బల్లి గుడ్ల పెంకులు ఉండేవి. వాటిని ఊది, రిజిస్టరులో "ఫిర్యాదులు లేవు" అని రాసి, సంతకం పెట్టి, మా పిల్లలు బంగారం, మా సార్లు దేవుళ్లు అని టీ తాగేదాన్ని.

అలాంటి నాకు దెయ్యం కథలు వాటంతటవే నడుచుకుంటూ వచ్చాయి. మొదట చెప్పింది కౌతాళం నుంచి వచ్చే పిల్ల. క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, టేబులు అంచు పట్టుకుని చెప్పింది. "స్టోర్ రూములో ఒకటి ఉండాది మేడం. ఎనకనుంచి వస్తాది, అడుగుల సప్పుడే రాదు." నేను గబగబా నోటుబుక్కు తీశాను. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, రెండేళ్లలో మొత్తం ఎనిమిది మంది వచ్చారు. దాని చెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటుందని ఒకరు. పేరు పెట్టి పిలుస్తుందని, పలకకూడదని ఇంకొకరు. ఒక్కదాన్నే పోతేనే వస్తుందని, ఇద్దరు పోతే రాదని మరొకరు. లవంగం వాసన వస్తుందన్నది మాత్రం అందరూ చెప్పారు. పరీక్షల ముందర ఎక్కువగా తిరుగుతుందట. ప్రాక్టికల్స్ టైంటేబులు చూసుకుని తిరిగే దెయ్యం గురించి నేను అంతవరకు వినలేదు. పాత కథ కొత్త కాలానికి తగ్గట్టు ఎలా మారుతోందో చూశారా అని మురిసిపోయి, ఎర్ర సిరాతో అంచుల్లో నా పాండిత్యమంతా ఒలకబోశాను.

అంతటితో ఆగానా? మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించేదాన్ని. అందరూ నవ్వేవారు. కెమిస్ట్రీ సారు మాత్రం బుగ్గలో లవంగం అటూ ఇటూ మార్చుకుంటూ శ్రద్ధగా వినేవారు. పంటినొప్పికని ఆయన జేబులో ఎప్పుడూ లవంగాల డబ్బీ ఉండేది, నాకూ పెట్టేవారు. "ఇది ఎవరు సెప్పినారు మేడం?" అని మెత్తగా అడిగేవారు. నేను పేరూ ఊరూ క్లాసూ అన్నీ చెప్పేదాన్ని. దీపం కింద చీకటి అంటారు గానీ, ఇక్కడ దీపమే చీకటికి దారి చూపించింది.

రెండో ఏడు ప్రాక్టికల్స్‌కు వారం ముందు ఎమ్మిగనూరు పిల్ల వచ్చింది. నేతపని వాళ్ల అమ్మాయి, ఫైనలియర్. మాటల్లో పొదుపు, మనిషి నిటారు. "ఇంగొక కథ ఉండాది మేడం, రాసుకుంటారా?" అంది. పుస్తకం తెరిచాను.

"రేపు మూడున్నరకి రమ్మన్నాది మేడం."

"ఎవరు?"

"దెయ్యం."

నాకు నవ్వొచ్చింది. "దెయ్యం టైము కూడా చెప్తుందా పాపా?"

"సెప్తాది మేడం. ఒక్కదాన్నే రమ్మన్నాది. రికార్డు తెచ్చుకోమన్నాది. దాంట్లో సంతకం పెట్టల్ల కదా."

నా పెన్ను ఆగిపోయింది. ఫ్యాను కూడా తిరగని గదిలో, తెరిచిన పేజీ మీద ఒక దూది పింజ వచ్చి వాలింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. రికార్డులో సంతకం పెట్టేది కెమిస్ట్రీ సారు. సంతకం లేనిదే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. "కాగితం మీద రాసి ఆ డబ్బాలో వెయ్యచ్చు కదమ్మా" అన్నాను. కన్వీనర్ని కదా, ఇంకా డబ్బానే పట్టుకుని వేలాడుతున్నాను.

"యాడ రాసేది మేడం? మూడేండ్లాయ, మా రికార్డులన్నీ దిద్దేది ఆయప్పే. మా రాత సూస్తే ఎవరిదో సెప్పేస్తాడు. డబ్బా సూస్తే ఆయప్ప కుర్చీకి ఎదురుగానే ఉండాది. మీరైతే మేం సెప్పింది మీ రాతతో రాసుకుంటాండారు. అందుకే అందరం మీకు సెప్తిమి. రెండేండ్ల నుంచి సెప్తానే ఉండాము. మా ఇంట్లో రెండో మగ్గం ఖాళీగా ఉండాది మేడం. పరీక్ష పోతే దాంట్లో కూసోమంటాడు నాయన. ఆడికి పోతే అట్ల, పోకపోతే ఇట్ల. నేనేం జేయల్ల?"

మర్నాడు మూడుంపావుకు ఆ పిల్ల చున్నీ తల మీదుగా కప్పుకుని, ఆమె రికార్డు చేత పట్టుకుని, స్టోరు రూములోకి నేను వెళ్లాను. పిల్లను ఆయమ్మతో వరండాలో నిలబెట్టాను. ఆయమ్మ నా కొంగు పట్టుకుంది. "పోవద్దు మేడమ్మా. పోయినా, పిలిస్తే పలకద్దు" అంది. ఆమెకూ తెలుసా అని నాకు అప్పుడనిపించింది. ఎవరెవరికి తెలుసో, ఎవరెవరు కథగానే విన్నారో ఆ తర్వాత నేనెన్నడూ అడగలేదు.

లోపల అరల నిండా సీసాలు, ముక్కు మండించే వాసన. తలుపు వైపు వీపు తిప్పి నిలబడ్డాను. పట్టపగలే, బయట పిల్లలు కబడ్డీ ఆడుతున్న కేకలు వినిపిస్తూనే ఉన్నాయి, అయినా అవి ఎక్కడో పక్క ఊళ్లోంచి వస్తున్నట్టుగా ఉన్నాయి. ఎంతసేపయిందో తెలియదు. ముందుగా లవంగం వాసన వచ్చింది. అడుగుల చప్పుడు రాలేదు. ఆ తర్వాత, పసిపిల్లను నిద్ర లేపుతున్నంత మెత్తగా, ఆ పిల్ల పేరు వినిపించింది. మళ్లీ ఒకసారి, ఇంకా దగ్గరగా. తడి చెయ్యి ఒకటి నా భుజం మీద పడింది. వేళ్లు మెల్లగా మెడ మీదికి వచ్చాయి. నాకప్పుడు యాభై ఆరేళ్లు. నలుగురి ముందు గొంతెత్తి పద్యం చదివితే కాలేజీ గోడలు మారుమోగేవి. అలాంటిదాన్ని, నోరు పెగల్లేదు. నువ్వెందుకు అరవలేదమ్మా అని ఏ పిల్లనూ ఇక ఈ జన్మలో అడగకూడదని ఆ క్షణంలోనే తెలుసుకున్నాను. ఎలాగో వెనక్కి తిరిగాను.

"అయ్యో, మీరా మేడం!" అని ఆయన నవ్వాడు. జేబురుమాలు తీసి చెయ్యి తుడుచుకున్నాడు. "ఏం, దెయ్యాన్ని సూసేకి వచ్చినారా?"

"చూసినాను సార్" అన్నాను.

ఆ సాయంత్రమే మా కమిటీ మొదటి ఫిర్యాదు రాసింది నేనే, నా మెడ గురించి, నా రాతతో. ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశారు. "పెద్దవాళ్లు మీరు. మసక చీకట్లో ఏదో పొరపాటు పడింటాడు మేడం" అన్నారు. "మనిషి విషయంలో పొరపాటు పడ్డాడు సార్, పని విషయంలో కాదు" అన్నాను. నోటుబుక్కు ఆయన ముందు పెడితే, కథలు తెచ్చి విచారణ చేయమంటారా అన్నారు. అప్పుడు తలుపు దగ్గర నిలబడిన ఎమ్మిగనూరు పిల్ల లోపలికొచ్చి, "పెన్ను ఇస్తారా మేడం" అని అడిగింది. నా సంతకం కింద తన రాతతో రాసింది, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. ఒక ప్రతిని పై ఆఫీసుకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ వారంలో మరో ఆరుగురు రాశారు. ఆయన్ని తప్పించారు, విచారణ నడిచింది, ఆయన మళ్లీ మా కాలేజీకి రాలేదు. రికార్డుల మీద ఇంకో కాలేజీ నుంచి వచ్చినాయన సంతకాలు పెట్టాడు. ఆ పిల్ల పాసయింది, రెండో మగ్గం వాళ్ల నాయన విప్పేశాడని ఫోను చేసి చెప్పింది. స్టోరు రూములో దెయ్యం గురించి ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆయమ్మ నాలుగు గంటలకు కూడా ఊడ్చేది. మా ఇంట్లో పలావులో లవంగం వెయ్యరు, ఎందుకని కోడళ్లు అడగరు.

కథలు ఎనిమిది, రాసినవాళ్లు ఏడుగురు. మిగిలింది మొదటి పేజీ, కౌతాళం పిల్ల. నాకు చెప్పిన నెలకే కాలేజీకి రావడం మానేసింది. అప్పుడు నేను హాజరుపట్టీలో పేరు కొట్టేశానే గానీ, ఎందుకని అడగలేదు. ఆ ఎండాకాలం సెలవుల్లో బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. కాలువ దగ్గర ఇల్లు. వాళ్లమ్మ పత్తి కట్టెలు మోపు కడుతూ, నన్ను చూసి చేతులు తుడుచుకుని చాప పరిచింది. మజ్జిగ ఇచ్చింది. "పాప దెయ్యమంటే మేము మొదట్ల నమ్మలే మేడమ్మా. మా మేడం పుస్తకంలో రాసుకున్నాది అని పాపే సెప్పె. అంత సదువుకున్నామె రాసుకున్నాదంటే ఇంగ నిజమే కదా అనుకుంటిమి. దారం కట్టిస్తిమి, సదువు మాన్పిస్తిమి. కర్ణాటక పక్క పెండ్లి సేసిస్తిమి."

అది దెయ్యం కాదని, మనిషని చెప్పాను. అంతకు ముందు నేను రాసింది నమ్మిన మనిషి, ఇప్పుడు నేను చెప్పింది నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది. పాప ఇప్పుడు బాగుందా అని అడిగాను.

"బాగుండాది మేడమ్మా. ఒక పిల్లోడు ఉండాడు. ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే పలకదు, అంతే."

ఆ పిల్ల అత్తగారి ఊరి పేరు అడిగి రాసుకున్నాను. వెళ్లలేదు. ఎవరైనా పిలిస్తే పలకని మనిషిని గడపలో నిలబడి ఏమని పిలవాలో ఇప్పటికీ తెలియదు. నిన్న మళ్లీ మొదటి పేజీ తీశాను. ఆ పిల్ల చెప్పిందంతా నీలం సిరాలో అక్షరం పొల్లుపోకుండా ఉంది. అడుగున ఎర్ర సిరాతో నేను రాసుకున్న మాట ఉంది: "కథనం చాలా బాగుంది. ఇలాంటివి ఇంకా సేకరించాలి." ఆమె చెప్పిన రోజుకూ నాకు వినిపించిన రోజుకూ మధ్య రెండేళ్లు పట్టింది. నాకవి ఇట్టే గడిచిపోయాయి, ఆమెకు ఇంకా గడవలేదు.