గొంతు మళ్లీ నేర్చుకున్న చేపల అత్త

బందరులో మా వీధికి ఏళ్ల తరబడి చేపలు తెచ్చిన అత్త మొన్న మంగళవారం ఉదయం కన్నుమూసింది. ఫోన్ చేసిన ఆమె కొడుకు, "గుండె ఆగిపోయిందండీ. ఆ జబ్బు మాత్రం మళ్లీ రాలేదు," అన్నాడు. ఏడుస్తూనే గర్వంగా చెప్పాడు.

మాకు చుట్టరికం లేదు. వీధి మొత్తానికీ ఆమె అత్తే. గిలకలదిండి రేవు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, సందు మొదట్లో ఒక్క కేక వేస్తే చివరింట్లో చింతపండు నానేది.

పన్నెండేళ్ల కిందట ఆ కేక బొంగురుపోయింది. మిరియాల పాలు తాగింది, మందుల షాపు మాత్రలు మింగింది, చుట్ట మాత్రం మానలేదు. రెండు నెలలు చూసి నేనే విజయవాడ తీసుకెళ్లాను. గొంతులోకి సన్నటి గొట్టం పంపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. స్వరపేటికలో క్యాన్సర్.

"స్వరపేటిక మొత్తం తీసేయాలమ్మా. ఇక ఊపిరి మెడ మీద పెట్టే రంధ్రం నుంచే," అన్నారు డాక్టరు గారు.

అత్త వేళ్లతో గొంతు తడుముకుంది. "మాటుండదాండీ?"

"ఈ గొంతు ఉండదు. లోపల చిన్న కవాటం పెడతాం. నేర్చుకుంటే ఇంకో గొంతు వస్తుంది."

"నేర్చుకుంటానండీ. వల అల్లడం మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

ఆపరేషన్ తర్వాత రేడియేషన్. నోరు ఎండిపోయి గంజి కూడా దిగేది కాదు. రాసి చూపిద్దామంటే చదువు లేదు, చప్పట్లు కొట్టి పిలిచేది. రంధ్రాన్ని బొటనవేలితో మూసి, గాలి పైకి నెట్టి, నెలల తరబడి సాధన చేసింది. ఒకరోజు మా గుమ్మంలో గంప దించి, మెడ మీద వేలుంచి, గరగరమంటూ అంది: "చందువాలు తెచ్చా, అమ్మాయ్."

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుస్తావెందుకే, తాజావే!"

అప్పటి నుంచి పొగ తాగేవాళ్లనీ గుట్కా నమిలేవాళ్లనీ పట్టుకుని నోరు తెరిపించేది. "మూడు వారాలకీ మానని పుండుకి మందుల షాపు కాదు, ఆస్పత్రి," అనేది. ఏ అలవాటూ లేని నా నాలుక అంచున పుండునీ ఆమే చూసింది. పన్ను గీసుకుందిలే అన్నా వినకుండా ఆటో ఎక్కించింది. క్యాన్సరే, కానీ తొలిదశ. చిన్న ఆపరేషన్‌తో పోయింది. ఐదేళ్లు దాటాయి. నిన్న కూడా బడిలో పాఠం చెప్పి వచ్చాను.

ఆమెను చివరిసారి రేవులో చూశాను. పడవలొచ్చాయి, వేలం మొదలైంది, ఎవరి అరుపులు వాళ్లవి. అత్త తడిచేతిని కొంగుకు తుడుచుకుని బొటనవేలు మెడ మీద పెట్టింది. ఒక్కొక్కరే అరుపులు ఆపి ఆమె వైపు తిరిగారు.