మునిగిన ఊరి పేరు మీద కౌలు

ముందు పోయిన లెక్క. మొత్తం ముప్పై ఆరు పేర్లు కొన్నాను. మొదటి ఏడాది ఒక్కొక్కటి ఏడు వందలు. అవి ఇరవై ఐదు వేల రెండు వందలు. రెండో ఏడాది పేరుకు వెయ్యి చొప్పున ముప్పై ఆరు వేలు. మొదటి ఏట చవగ్గా ఇచ్చి, రెండో ఏటి నుంచి అసలు ధర వేస్తారని అప్పటికి నాకు తెలియదు. మూడో ఏడాది తొమ్మిదింటిని ఉంచుకుని మిగతావి వదిలేశాను; తొమ్మిది వేలు. వెరసి డెబ్భై వేల రెండు వందలు. ఇందులో తన ఫ్రిజ్ డబ్బు ఇరవై రెండు వేలు ఉందని మా ఆవిడ గుర్తు చేస్తూ ఉంటుంది. నిజమే, ఉంది.

నేను కొన్నవి ఇంటర్నెట్ పేర్లు. ఏదైనా సైట్ తెరవడానికి మనం కొట్టే పేరు, చివర డాట్ కామ్ ఉంటుందే, అది. ముందుగా కొని పెట్టుకుని, కావలసినవాడు వచ్చినప్పుడు పది రెట్లకు అమ్ముకునేవాళ్ళు ఉన్నారని చదివాను. బెంగాల్‌లో, ఖిదిర్‌పూర్ రేవులో ఓడల నుంచి దిగే సరుకు లెక్క రాయడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం బస్తాలు ఎంచీ ఎంచీ పట్టుబడింది.

కొన్న ముప్పై ఆరూ శ్రీకాకుళం తీరపు ఊళ్ళ పేర్లే. దానికి కారణం, రేవు పనికి అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళుండే మా వీధి. ఇక్కడ ఎవరినీ సొంత పేరుతో పిలవరు. ఫలానా ఊరివాడు, ఫలానా ఊరి కోడలు, అంతే. పూజ చందా కూడా ఊరి పేరునే రాస్తారు. ఒక ఊరు ఐదు వేలిస్తే పక్క ఊరు ఆరు వేలు ఇవ్వక మానదు. ఊరి పేరు కోసం ఇంత ఖర్చు చేసేవాళ్ళు ఆ పేరునే అమ్మితే కొనరా అనుకున్నాను.

మొదటి పేరు కొట్టిన రోజు ఇప్పటికీ మరచిపోలేను. ఎవరి తాతల నాటి ఊరో అది. దానిమీద లోకం మొత్తంలో ఎవరి హక్కూ లేదని, ఏడు వందలకు నా సొంతమని తెర మీద కనిపించింది. నా చేతుల మీదుగా ఎంత సరుకు దిగిందో, అంతటికీ బరువుంది. దీనికి లేదు. అయినా నేను కొన్న క్షణం నుంచి భూమ్మీద ఇంకెవరూ దాన్ని కొనలేరు. అదీ ఏడాదికే. గడువు దాటితే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. కౌలు పొలం లాంటిదే, కాకపోతే పొలం లేదు.

ఒక్కరూ కొనలేదు. మార్కెట్లో ఎండు చేపలు అమ్మే పెద్దమ్మ దగ్గరికి మొదట వెళ్ళాను. వరసకే పెద్దమ్మ. ఆమె తక్కెడ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"మా ఊరి పేరు నువ్వు కొన్నావేటి? ఎవుడమ్మినాడు?"

"కంపెనీ అమ్మింది పెద్దమ్మా."

"ఆడి బాబు సొమ్మేటి? మాది మాకే అమ్మడానికొచ్చినావు, సిగ్గు నేదేటి బావూ? ఎల్లు, బేరం సెడగొట్టకు."

ఆఫీసులో నా పక్క బల్ల బెంగాలీ ఆయన ఏడాది పొడుగునా "దాదా, గ్రామ్ బిక్రీ హోలో?" అని నవ్వాడు. ఊరు అమ్ముడైందా అని. కాలేదు దాదా, కాలేదు.

మూడో ఏట ఒక విదేశీయుడి నుంచి మెయిల్ వచ్చింది. ఎందుకో రాయలేదు; పెద్దమ్మ ఊరి పేరే కావాలన్నాడు. మన డబ్బులో నలభై ఎనిమిది వేలు. పోయినదాంట్లో చాలా భాగం ఒక్క దెబ్బకు తిరిగొస్తుంది. మా ఆవిడ ఫ్రిజ్ కొట్టుకు వెళ్ళి రంగు కూడా చూసి వచ్చింది.

ఆ మాట పెద్దమ్మకు చెప్పకుండా ఉండవలసింది. చేపలు కొంటూ చెప్పేశాను. ఆమె తక్కెడలోని చేపలు తిరిగి గంపలో పోసేసింది. ఆ ఊరిని కొన్నేళ్ళుగా కెరటాలు వరస వరసగా తినేశాయి. జనాన్ని లోపలికి, వేరే పేరున్న కాలనీకి మార్చారు. ఇప్పుడు బస్సు బోర్డు మీద కూడా ఆ పేరు లేదు. నాకు ఆ సంగతి తెలుసు. ఈ లెక్కలో కలుపుకోవాలని తోచలేదు.

"ఊరుని సంద్రం అట్టుకెల్పోనాది," అంది. "పేరుని నువ్వు అట్టుకెల్పోతావా?"

ఆదివారం ఆ ఊరివాళ్ళు, ఇరవై ఇళ్ళు, మా వీధి కమిటీ గదిలో కూర్చున్నారు. పేరు మీకే ఇస్తాను, పది వేలు ఇవ్వండి చాలన్నాను. రేవులో క్రేన్ నడిపి రిటైరైన ఆ ఊరి మావయ్య లేచాడు.

"ఆ పరాయోడు ఎంతిస్తానన్నాడు?"

"నలభై ఎనిమిది."

"మరి మేం పదిస్తే మా ఊరికి పరువేటి? నలభై ఎనిమిదే. ఇంటికి వంద, నెల నెలా."

"నీ దగ్గర వందుందేటి మావా? నిన్న టీకి నానిచ్చినాను," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ధర మాత్రం మారలేదు. బాకీ తీరేదాకా పేరు నా ఖాతాలోనే ఉండాలని కూడా వాళ్ళే తేల్చారు. విదేశీయుడికి లేదని రాశాను. మా ఆవిడ ఫ్రిజ్ డబ్బు లెక్క మళ్ళీ మొదలుపెట్టింది.

తరవాత ఎవరెవరి ఫోన్లలోనో మిగిలిన ఫొటోలన్నీ చేర్చి సైట్ తెరిచారు. పెద్దమ్మ కొట్టు ముందే నా ఫోన్‌లో ఆ పేరు కొట్టి చూపించాను. ఇసుక, పడవలు, ఒక నుయ్యి వచ్చాయి. ఆమె చేపల చెయ్యి చీరకు తుడుచుకుని, తెరను వేలి కొసతో తాకింది.

"ఓలమ్మ! ఇది మా నుయ్యే. ములిగిపోనాది గదా, ఇందులోకెలా ఒచ్చినాది?"

అదెలా పనిచేస్తుందో చదివాను, తెలుసు కూడా. అయినా ఆ క్షణంలో ఆమెకెంత తెలుసో నాకూ అంతే తెలుసు.

డబ్బు అన్ని నెలలూ ఒకేలా రాదు. రేవులో పని లేని నెల కొన్ని ఇళ్ళు ఇవ్వలేవు. ఏటా పొడిగింపు వెయ్యి రూపాయలు మాత్రం గడువుకు ముందే పెద్దమ్మ తెచ్చిస్తుంది. "కౌలు యేరు, బాకీ యేరు," అంటుంది. మొన్న వెయ్యీ తెచ్చినప్పుడు, మిగిలిన బాకీ వదిలేద్దాం పెద్దమ్మా అన్నాను.

"ఒగ్గేత్తే అది నువ్విచ్చిన ఊరైపోద్ది బావూ. మాకు మేం కొనుక్కున్న ఊరే కావాల. ఎంతుందో సూసి సెప్పు."

చూసి చెప్పాను. వచ్చింది ముప్పై వేల నాలుగు వందలు. ఈ రోజుకు రావలసింది పదిహేడు వేల ఆరు వందలు.